కోటు జేబులోని దిక్సూచి

“మేడమ్, మీరు డిటెక్టివ్ అట కదా! నిజమేనా?”

సముద్రపు గట్టు మీద గొడుగు నీడన కాఫీ తాగుతున్న ఆవిడ కప్పు కింద పెట్టి, పక్కనున్న మేనల్లుడి వైపు చూసింది. మేనల్లుడు ఠక్కున సముద్రం వైపు తిరిగాడు. దేశం కాని దేశంలో సెలవు గడిపినన్నాళ్ళూ వృత్తి ఊసెత్తకూడదని ఒట్టు వేయించుకుని మరీ అతన్ని వెంటబెట్టుకొచ్చిందావిడ. ఇంటి దగ్గర అతను ఆవిడ ఆఫీసులోనే అసిస్టెంటు. కేసుల వివరాలు రాసిపెట్టడం, అత్తయ్య తెలివి గురించి ఎదురైన ప్రతివాడికీ చెప్పడం అతని పనులు. మొదటిది జీతానికి, రెండోది ఉచితంగా. అతని నోట్లో నువ్వుగింజ నానదు.

“నిజమే. కూర్చో” అంది డిటెక్టివ్. “ముందు ఆ చేతిలోది నలపడం ఆపు, విరుగుతుంది.”

గైడమ్మాయి చేతిలో ఉన్నది ఆమె బ్యాడ్జి. పొద్దున్నుంచి మెడలో మెరిసిన ఆ బిళ్ళ ఇప్పుడు పిడికిట్లో నలుగుతోంది.

“తిరిగి వెళ్ళగానే ఇది ఇచ్చేయమన్నారు మేడమ్, మా కంపెనీవాళ్ళు. ఇంక ఏ ట్రిప్పుకీ పంపరట. పెద్దావిడ దిక్సూచి నేనే తీశానంటున్నారు. రెండేళ్ళు చదివి, పరీక్షలు రాసి తెచ్చుకున్న బ్యాడ్జి ఇది. దొంగని పేరు పడితే ఈ తీరంలో ఎవరూ నన్ను పనిలో పెట్టుకోరు.”

అనవసరపు ఓదార్పులు డిటెక్టివ్‌కి చేతకావు. “మళ్ళీ మొదట్నుంచి చెప్పు. నేనూ చూశాననుకో, అయినా నువ్వు చెప్పు” అంది.

చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక వాను, డ్రైవరు, గైడు, ఏడుగురు ప్రయాణికులు. మన భాషలో చెప్పే గైడు దొరకడమే గొప్పని అందరూ ఎగబడి ఎక్కినవాళ్ళే. ఒక్క రోజులో మూడు పాత రేవు పట్నాలు చూసి రావాలి. మొదటిది కొండ మీద కోట ఉన్న ఊరు, రెండోది దీపస్తంభం ఉన్న ఊరు, మూడోది ఇప్పుడు వాళ్ళు కూర్చున్న తెల్లగోడల ఊరు. డిటెక్టివ్, మేనల్లుడు కాక కొత్తగా పెళ్ళైన జంట ఒకటి, రిటైరైన టీచరమ్మ ఒకరు, ఒక పెద్దావిడ, ఆవిడ మరిది.

మేనల్లుడికి ఈ రోజంతటిలో బాగా గుర్తుండిపోయింది ఆ మరిదే. అరవై దాటిన మనిషి, జుట్టు మాత్రం నిన్ననే పుట్టినంత నల్లగా ఉంది. వాను ఎక్కగానే వెనక వరుసలో సీటిచ్చారని గొడవ. ఊరు మారినప్పుడల్లా అందరూ ఒక వరుస ముందుకు జరుగుతారనీ, ముందు వరుసవాళ్ళు వెనక్కి పోతారనీ, కిటికీలు అందరికీ సమానంగా అందడానికి ఇది తమ పద్ధతనీ గైడమ్మాయి ఓపిగ్గా చెప్పింది. “అంటే నాకు ముందు సీటు వచ్చేసరికి రోజు అయిపోతుందన్నమాట” అని ఆయన దారంతా సణిగాడు.

కోట దగ్గర ఇంకో గొడవ. గైడు కాలరుకున్న మైకులో మాట్లాడితే, అందరి మెడల్లో వేలాడే చిన్న పెట్టెల ద్వారా చెవిలో వినిపిస్తుంది. ఈయన వెనకబడి ఒక బురుజు అవతలికి వెళ్ళిపోయి, తిరిగొచ్చి మీద పడ్డాడు. “ఏమిటమ్మా ఇది? చెవిలో గరగర తప్ప ముక్క వినపడదు! దీనికా మేము వచ్చింది?” గోడ అడ్డొస్తే అందదనీ, కనుచూపు మేరలో ఉండాలనీ ఆమె మళ్ళీ ఓపిగ్గా చెప్పింది. తిరిగి వానెక్కితే తలుపులు బార్లా తెరిచి ఉన్నాయని ఆయన డ్రైవరు మీద కూడా విరుచుకుపడ్డాడు. లోపల ఉక్కగా ఉంటుంది, గాలాడాలి కదా సార్ అన్నాడు డ్రైవరు.

రెండో ఊరికి వెళ్ళే దారిలో పెద్దావిడ ఆ దిక్సూచి అందరికీ చూపించింది. అరచేతిలో ఇమిడే ఇత్తడిది, మూత మీద గీతలు పడింది. వాళ్ళ మామగారు పడవ నడిపిన రోజుల నాటిదట. ఆయన దాన్ని పెద్ద కొడుక్కిచ్చాడు. ఆ పెద్ద కొడుకు, అంటే పెద్దావిడ భర్త, ఓడ ఉద్యోగంలో చేరి, ఒక తుఫానులో ఈ తెల్లగోడల ఊరి రేవుకి కొట్టుకొచ్చాడు. ఊరివాళ్ళు ఆదరించి, గాయాలు మానేదాకా ఇంట్లో పెట్టుకున్నారు. ఇక్కడి చిన్న మ్యూజియంలో ఆ ఓడ తెడ్డు ముక్క ఒకటి ఇంకా ఉందట. తాను పోయాక దిక్సూచిని దాని పక్కన పెట్టమని భర్త అడిగాడట. ఆవిడ ప్రయాణమంతా అందుకే. కథ వింటూ కొత్త పెళ్ళికూతురు కళ్ళు ఒత్తుకుంది. మరిది మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

తరువాత ఆవిడ దాన్ని కోటు జేబులో పెట్టి, జేబు బొత్తాం పెట్టుకుంది. దీపస్తంభం ఊళ్ళో ఎండగా ఉందని కోటు సీటు మీదే వదిలి దిగింది. అక్కడ దీపస్తంభం కింది చౌకులో గైడమ్మాయి చరిత్ర చెప్పి, కాసేపు అందరినీ వదిలేసింది. చౌకు దాటి వెళ్ళవద్దనీ, పిలిస్తే వినపడేలా చెవుల్లోవి తీయవద్దనీ చెప్పింది.

“తరువాత నేను చేసిన ఘనకార్యం మీకు తెలుసు కదా” అంటూ గైడమ్మాయి తల దించుకుంది.

తెలియకపోవడమేమిటి! గుర్తొచ్చి మేనల్లుడికి మళ్ళీ పొలమారింది. పిల్ల బెంచీ మీద కూలబడి, మైకు కట్టేయడం మరచిపోయి, ఫోనులో వాళ్ళక్కకి గోడు వెళ్ళబోసుకుంది. “ఒకాయన ఉన్నాడక్కా, నిప్పులో ఉప్పు వేసినట్టే! సీటు బాలేదంటాడు, కోట ఎత్తుగా ఉందంటాడు, సముద్రం ఉప్పగా ఉందని కూడా నన్నే అడిగేలా ఉన్నాడు. జుట్టుకి రంగేసుకున్న చిటపటల తాత. వీడి చేత పొద్దుగూకేలోపు నవ్విస్తే నాకు ఏనుగెక్కినంత!” చౌకంతా వెదజల్లినట్టున్న ప్రయాణికులందరి చెవుల్లోనూ ఇది పూసగుచ్చినట్టు వినిపించింది. కొత్త పెళ్ళికూతురి చేతిలో ఐస్‌క్రీము నేల పాలైంది. పెద్దావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. చివరికి టీచరమ్మే లేచి వెళ్ళి, ఆ పిల్ల కాలరు మీది ఎర్ర దీపం వైపు వేలు చూపించింది.

“ఆ సిగ్గుతో చస్తుంటే పెద్దావిడ చలిగాలేస్తోంది, కోటు తెచ్చిపెట్టమ్మా అంది. మలుపు అవతల వాను దగ్గరికి పరిగెత్తి తెచ్చాను. డ్రైవరన్న అక్కడ లేడు, తలుపు తీసే ఉంది. కోటు తెచ్చిచ్చాను, ఆవిడ తొడుక్కుంది. ఇక్కడికొచ్చి మ్యూజియం గుమ్మంలో జేబు బొత్తాం విప్పి చెయ్యి పెడితే దిక్సూచి లేదు. వాను తాళం వేసే ఉందనీ, తాళంచెవి నాకిచ్చాననీ డ్రైవరన్న అంటున్నాడు. ఎందుకలా అంటున్నాడో నాకు తెలీదు మేడమ్. కోటు ముట్టుకున్నది నేనొక్కదాన్నే అని కొత్త పెళ్ళికొడుకు కంపెనీకి ఫోన్ చేశాడు. ప్రయాణికుల సామాన్లు ముట్టుకోకూడదని మాకు రూలు. చలికి వణికే మనిషిని చూస్తూ రూలు ఎలా గుర్తుంటుంది?”

“అందరి సంచులూ వెతికారు కదా?”

“అందరూ విప్పి చూపించారు. నా సంచీ, జేబులూ కూడా. ఎక్కడా లేదు.” ఆమె గొంతు తగ్గించింది. “ఒక్క సంగతి చెప్పనా మేడమ్? ఇంతమందిలో నా తరఫున మాట్లాడింది ఆ మరిదిగారొక్కరే. ‘ఆ పిల్ల మంచిది, అనవసరంగా అనకండి, ఎక్కడో జారిపడి ఉంటుంది’ అన్నారు. అన్ని మాటలన్నానా, అయినా మనసులో పెట్టుకోలేదు. తలుచుకుంటే ఏడుపొస్తోంది.”

మేనల్లుడు కూడా కరిగిపోయాడు. మనిషి పైకి ముళ్ళున్నా లోపల పనసతొన అనుకున్నాడు. డిటెక్టివ్ మాత్రం చల్లారిన కాఫీని ఒక్క గుక్కలో తాగేసి లేచింది.

“మ్యూజియం ఎప్పుడు మూస్తారు?”

“సాయంత్రం. ఇంకా కాస్త వ్యవధి ఉంది.”

“చాలు. బ్యాడ్జి మెళ్ళో వేసుకో. ఇంకా నీదే.”

*

మొదట దొరికింది డ్రైవరు. వాను అద్దాలు తుడిచిందే తుడుస్తున్నాడు.

“తాళం వేశావా బాబూ?”

“వేశానండీ. వేసే ఉంటాను.”

“వేశావా, వేసే ఉంటావా?”

డ్రైవరు గుడ్డ పిండాడు. డిటెక్టివ్ గొంతు మెత్తబరిచింది. “పొద్దున కోట దగ్గర తలుపులు గాలికి తెరిచిపెట్టావు. అలవాటు ఒక్క ఊరితో పోదు. నీ ఉద్యోగం మీదికి నేను తేను. కానీ నీ అబద్ధం ఆ పిల్ల ఉద్యోగం మీదికి వచ్చింది. చూడు మరి.”

వాడు గుడ్డ పక్కన పెట్టాడు. “ముఖం కడుక్కోవడానికి వెళ్ళానమ్మా. తెరిచే ఉంది. సామాను పోతే నన్నంటారని భయపడ్డాను. ఆ అమ్మాయికి ఇంత అవుతుందనుకోలేదు.”

“అంటే ఎవరైనా ఎక్కి ఉండొచ్చు!” మేనల్లుడు చెలరేగిపోయాడు. “అత్తా, ఊళ్ళోవాడెవడో తీసుంటాడు!”

“ఊళ్ళో దొంగ కొత్త పెళ్ళికూతురి కెమెరాని సీటు మీద వదిలేసి, బొత్తాం పెట్టిన కోటు జేబులోంచి పాత ఇత్తడి బిళ్ళ తీసుకుంటాడా? తీసి మళ్ళీ బొత్తాం పెడతాడా? అది అక్కడుందని తెలిసినవాళ్ళ పనిరా ఇది. పద.”

గట్టు గోడ మీద కూర్చున్న కొత్త జంటని, ఒక్కటే ప్రశ్న అడిగింది. రెండో ఊళ్ళో ఖాళీగా తిరుగుతున్నప్పుడు చెవిలో ఏం వినపడింది? వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఫక్కుమన్నారు. పెళ్ళికొడుకు నవ్వాపుకుని, “అదీ... తాతగారి సంగతండీ. మేము పడవల దగ్గరున్నాం” అన్నాడు. టీచరమ్మ అయితే, “ఆ మాటలు నా నోటితో అనిపించకండి, పాపం పిల్ల” అని చెయ్యి అడ్డం పెట్టింది. పెద్దావిడ మ్యూజియం మెట్ల మీద ఖాళీ కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అడగగానే అంత దుఃఖంలోనూ ఆవిడ పెదవి వంకర తిరిగింది. “నలభై ఏళ్ళ నుంచి నేననలేని మాట అనేసిందమ్మా.”

ఆఖరున మరిది. వాను పక్కనే, దాని నీడలో నిలబడి ఉన్నాడు.

“నన్నా? నేను దీపస్తంభం ముందరి గోడ దగ్గర కూర్చున్నాను. చౌకులోనే.”

“చెవిలోది తీశారా?”

“ఎందుకు తీస్తాను? డబ్బు పోసింది దానికే కదా! ఒక్క ముక్క వదల్లేదు. దీపస్తంభం ఎవరు కట్టించారో, ఎన్నిసార్లు కూలిందో అడగండి, అప్పజెబుతాను.”

“ఆ తరువాత?”

“తరువాత ఏముంది? ఖాళీ సమయం. పిల్ల నోరెత్తలేదు. హాయిగా, ప్రశాంతంగా ఉంది. చూడండమ్మా, ఆ పిల్ల మీద నాకేమీ ఫిర్యాదు లేదు. పొద్దున్నించీ నేనే కాస్త విసుక్కున్నాను. దయచేసి ఆమెని ఇబ్బంది పెట్టకండి.”

దూరంగా వచ్చాక మేనల్లుడు కళ్ళు తుడుచుకున్నాడు. “ఎంత పెద్దమనిషి అత్తా! ఆ పిల్ల పరువు పోకూడదని, విన్నది విననట్టే దాచేస్తున్నాడు.”

“నువ్వు ముందు సీటులో కూర్చుని రావడం బాగుందా?” అంది డిటెక్టివ్.

ఈ ప్రశ్నకీ దానికీ సంబంధమేమిటో అతనికి అర్థం కాలేదు. “బాగుంది. ఆయన వద్దన్నాడు కాబట్టి నాకు దొరికింది. ముందర ఎండ పడుతుందట.”

“ఆ, ఎండ” అంటూ ఆవిడ గైడమ్మాయి కోసం చూసింది. “అందరినీ వాను దగ్గరికి పిలు. నీ మైకు నాకివ్వు.”

*

అందరూ వాను చుట్టూ చేరారు. తెల్లగోడల మీద ఎండ పసుపుపచ్చగా వాలుతోంది. డిటెక్టివ్ కాలరుకి మైకు తగిలించుకుని, ఎర్ర దీపం వెలిగిందో లేదో చూసుకుంది.

“వినపడుతోందా అందరికీ? సరే. నేను గైడుని కాను, చరిత్ర రాదు. ఈ రోజు సంగతి మాత్రం చెప్తాను. రెండో ఊళ్ళో వాను తెరిచే ఉంది. డ్రైవరు ఒప్పుకున్నాడు. కాబట్టి కోటు ముట్టుకున్నది ఈ పిల్లొక్కతే అనే మాట ఇక్కడితో కొట్టేయండి. ఈమె వెళ్ళేముందే ఇంకొకరు వెళ్ళారు. ఎవరు?”

పెళ్ళికొడుకు చేతిలోని ఫోను జేబులోకి తోసేశాడు.

“వాను మలుపు అవతలుంది. గోడ అవతల ఈ పెట్టెలు పలకవని పొద్దున కోటలోనే తెలిసింది. అంటే వాను దగ్గరికి వెళ్ళిన మనిషికి, ఆ సమయంలో చౌకులో అన్న మాట వినపడదు. ఇప్పుడు చూడండి. ఆ సమయంలో ఈ అమ్మాయి మైకు కట్టేయడం మరచిపోయి మనలో ఒకరిని చెడామడా దులిపేసింది. అందరం విన్నాం. నవ్వినవాళ్ళు నవ్వాం, సిగ్గుపడ్డవాళ్ళు సిగ్గుపడ్డాం. ఒక్కరు మాత్రం ఆమె నోరే ఎత్తలేదు, ప్రశాంతంగా ఉందన్నారు.”

మేనల్లుడి నోరు తెరుచుకుంది. అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి.

“నన్నంటున్నారా?” మరిది ముఖం ఎర్రబడింది. “ఎవర్ని దులిపితే నాకేం? నేను పట్టించుకోలేదు!”

“దులిపింది మిమ్మల్నే.”

ఆయన మెడలోని పెట్టెని ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

“కోట ఎత్తుగా ఉందని కోపగించుకున్న మనిషి మీరు. ఆ మాటలు విని ఉంటే అక్కడికక్కడే చౌకు దద్దరిల్లేది. దద్దరిల్లలేదు. పైగా ఈ పిల్ల మంచిదని సిఫారసు చేశారు. నా మేనల్లుడు అది మంచితనమనుకున్నాడు. ఈ పిల్లా అలాగే అనుకుంది. కోపం రావలసిన చోట రాలేదంటే మీరక్కడ లేరని అర్థం. ఇంకొకటి. పొద్దున్నుంచి ముందు సీటు కోసం ప్రాణం తోడేశారు. తీరా మీ వంతు వచ్చాక ఎండ సాకు పెట్టి, పాత సీటునే అంటిపెట్టుకుని కూర్చున్నారు. దిక్సూచి మీ సంచిలో లేదు. ఎక్కడుందో ఆ సీటే చెప్పాలి. ఒరేయ్, వెళ్ళి మధ్య వరుసలో సీటుకీ వీపు దిండుకీ మధ్య సందులో చెయ్యి పెట్టు.”

మేనల్లుడు వానెక్కాడు. తిరిగి దిగినప్పుడు అతని అరచేతిలో గీతలు పడ్డ ఇత్తడి మూత ఎండకి మెరిసింది. పెద్దావిడ ఒక్క కేక వేసి రెండు చేతులూ చాచింది.

మరిది చెవిలోది తీసి, మెడలో పెట్టె తీసి, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక చేతుల్లోనే పట్టుకున్నాడు.

“అది మా నాన్నది” అన్నాడు చివరికి. చిటపటలన్నీ ఎటు పోయాయో, గొంతు చిన్నపిల్లాడిదైపోయింది. “అన్నయ్య సముద్రం మీదికి పోయాడు. నేను ఇంటి దగ్గరే ఉండి నాన్నని చూసుకున్నాను, ఆఖరి రోజు దాకా. అన్నీ చేసింది నేను. దిక్సూచి మాత్రం అన్నయ్యకి. పోనీ, అన్నయ్య తరువాతైనా ఇంటికొస్తుందనుకున్నాను. ముక్కూ మొహం తెలియని ఊళ్ళో గాజుపెట్టెలో పెడతానంటే తట్టుకోలేకపోయాను వదినా. ఎక్కడో పడిపోయిందనుకుంటారనుకున్నాను గానీ, ఈ పిల్ల మెడకు చుట్టుకుంటుందనుకోలేదు.”

“చుట్టుకున్నాక చెప్పొచ్చు కదా!” పెద్దావిడ కళ్ళల్లో నీళ్ళూ కోపమూ కలిసే ఉన్నాయి. “మంచిదని చెప్తే సరిపోయిందా? ఆ పిల్ల పొట్ట కొట్టి, నువ్వు ఆ దిక్సూచిని ఏ గోడకి తగిలించుకుందామనుకున్నావు మరిదీ?”

ఆయన నేరుగా పెళ్ళికొడుకు దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాడు. “కంపెనీవాళ్ళ నంబరు కలుపు నాయనా.”

ఫోనులో ఆయన ఒక్క మాట కూడా తనకి అనుకూలంగా మార్చుకోలేదు. తీసింది తానని, దాచింది తానని, గైడుకి ఏ పాపమూ తెలియదని చెప్పాడు. అవతలివాళ్ళు సామాను ముట్టుకున్న రూలు ఎత్తినట్టున్నారు. వెంటనే పాత మనిషి లేచాడు. “ఏమిటయ్యా నీ రూలు? ముసలావిడ చలికి వణుకుతుంటే కోటు తెచ్చివ్వకపోతే అప్పుడు రాస్తాను ఫిర్యాదు!” అని రేవు పక్షులు లేచిపోయేలా అరిచాడు. ఆ అరుపు పని చేసింది. రేపటి ట్రిప్పుకి కూడా ఆ అమ్మాయినే పంపుతామని అవతలి గొంతు అనడం పక్కనున్న మేనల్లుడికి వినపడింది. గైడమ్మాయి వాను తలుపు పట్టుకుని, అప్పుడు ఏడ్చింది.

మ్యూజియం మూసే వేళయింది. తాళాలతో గుమ్మంలో నిలబడ్డ ఉద్యోగిని పెద్దావిడ బతిమాలి ఆపింది. లోపల ఆ ఉద్యోగి తెరిచిన గాజుపెట్టెలో నల్లబడ్డ తెడ్డు ముక్క ఒకటే ఉంది, పక్కన ఖాళీ. ఆవిడ దిక్సూచిని మరిది చేతిలో పెట్టింది.

“ఇక్కడ పెట్టాలన్నది మీ అన్నయ్య మాట. దాన్ని నేను దాటలేను. పెట్టేది మాత్రం నువ్వు. నీ చేత్తో పెట్టు.”

మరిది మూత తెరిచాడు. లోపల ముల్లు కాసేపు ఊగి, కుదురుకుంది. ఆయన దాన్ని చెంపకి ఆనించుకుని, నాన్న వాసనేమైనా మిగిలిందేమోనన్నట్టు ఊపిరి పీల్చాడు. తరువాత జాగ్రత్తగా, మూత తెరిచే ఉంచి, తెడ్డు పక్కన పెట్టాడు. డిటెక్టివ్ మేనల్లుడి మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేసింది. కేసు అయిపోయాక మనుషుల ముఖాలు చూస్తూ నిలబడడం ఆవిడకి నచ్చదు.

తిరుగు ప్రయాణానికి అందరూ వాను దగ్గర చేరారు. పద్ధతి ప్రకారం సీట్లు మారాలని గైడమ్మాయి చిన్న గొంతుతో అంది. మరిది సణగకుండా వెళ్ళి తన వరుసలో కూర్చున్నాడు. వాను కదిలాక ముందుకి వంగాడు.

“ఇంతకీ నన్నేమన్నావమ్మాయ్?”

గైడమ్మాయి కాలరు మీది మైకుని గుప్పిట్లో మూసేసింది. టీచరమ్మ కిటికీ వైపు తిరిగింది. కొత్త జంట ఒకరి భుజంలో ఒకరు ముఖం దాచుకున్నారు. చివరికి పెద్దావిడే చెప్పింది, ఒక్క అక్షరం తగ్గించకుండా.

మరిది చెయ్యి తనకు తెలియకుండానే నల్లటి జుట్టు మీదికి వెళ్ళింది.

“చిటపటలంటే ఒప్పుకుంటాను” అన్నాడు. “తాత ఏమిటమ్మా, తాత?”

అని, పొద్దున్నుంచి మొదటిసారిగా, తానే నవ్వేశాడు.